మళ్ళీ పైకి లేచిన విమానం

వాక్యభాగము: సంఖ్యాకాండము 22:21-35



పోయిన డిసెంబరులో మన సంఘపు సహోదరి ఒకామె కువైట్ నుండి సెలవుకు వచ్చింది. హైదరాబాదులో విమానం మారి, పొద్దున్నే గన్నవరంలో దిగాలి. క్రిస్మస్ ముందు రోజుల్లో మన వైపు పొగమంచు ఎలా ఉంటుందో మీకు తెలుసు. హైవే మీద ఎదురొచ్చే లారీ లైట్లు కూడా దగ్గరికొచ్చేదాకా కనబడవు. విమానం కిందికి దిగుతోంది, చెట్ల తలలు కనబడ్డాయి, ఇక చక్రాలు నేలను తాకుతాయి అనుకుంటుండగా పెద్ద రొదతో ముక్కు పైకెత్తి మళ్ళీ ఆకాశంలోకి లేచిపోయిందట. లోపల పిల్లల ఏడుపులు, పెద్దల కేకలు. పావుగంట పైగా చుట్టూ తిరిగి రెండోసారి క్షేమంగా దిగింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నాము. సహోదరి సాక్ష్యం చెబుతూ, "ఆ డ్రైవరుకి దిగడం చేతకాలేదండి అయ్యగారూ, దేవుడే కాపాడాడు" అంది. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. కానీ ఇంటికి వచ్చాక ఆ మాట మమ్మల్ని వదలలేదు. నిజంగా చేతకాకనే లేచాడా? మేము ఒక్కసారి కూడా విమానం ఎక్కినవాళ్ళం కాదు. బైబిలు కాలేజీలో మాకు నేర్పినవాటిలో విమానాల సంగతి లేదు. అందుకని తెలిసినవాళ్ళను అడిగి, దొరికినవి చదివి తెలుసుకున్నాము. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయి, చాలాసేపు మోకాళ్ళ మీద ఉండిపోయాము. ఎందుకో చివరికి చెబుతాము.

ముందుగా ఆ సహోదరికి మా జవాబు: అమ్మా, ఆయనకు చేతకాక కాదు, చేతనయ్యే పైకి లేచాడు. దానికి గో అరౌండ్ అని పేరు. దిగే విమానం నేలకు వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి, ఆకాశం తేటగా ఉంటే ఐదు వందల అడుగులకు, అన్నీ కుదురుకుని ఉండాలి. వేగం ఉండవలసినంతే ఉండాలి, దిగే వాలు సరిగా ఉండాలి, చక్రాలు బయటికి వచ్చి ఉండాలి, రన్‌వేకి తిన్నగా ఉండాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా, చివరికి రన్‌వే కనబడకపోయినా, దిగకూడదు. ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చి పైకి లేచి, మళ్ళీ మొదటినుండి రావాలి. అది తప్పు కాదు, నామోషీ అంతకన్నా కాదు. ఇంకో మాట కూడా గమనించండి. విమానం బయలుదేరేటప్పుడే గమ్యానికి సరిపడా ఇంధనం మాత్రమే పోయరు. దిగడం కుదరకపోతే మళ్ళీ లేచి మరో విమానాశ్రయానికి వెళ్ళడానికి సరిపడేది కూడా పోసి పంపుతారు. వెనక్కి తిరగవలసి రావచ్చని ముందే ఎరిగి, దానికి కావలసినది ముందే సిద్ధం చేస్తారు. ప్రియులారా, కృప అంటే ఏమిటో ఇంతకన్నా తేలికగా మేము ఎన్నడూ బోధించలేదు.

పైలట్ పక్కన మనుషుల కన్ను, తెలివి మాత్రమే ఉండవు. హెచ్చరించే యంత్రం కూడా ఒకటి ఉంటుంది. ఒకప్పుడు ఏ లోపమూ లేని మంచి విమానాలు, అనుభవమున్న పైలట్ల చేతిలోనే, మబ్బులో చీకటిలో కొండలకు తగిలి కూలిపోయేవి. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గర దిగబోతున్న విమానం ఒకటి వర్జీనియా కొండకు తగిలి అందులోని 92 మందీ చనిపోయారు. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం పెద్ద విమానాలన్నిటిలో ఈ యంత్రం ఉండి తీరాలని శాసించింది. దానిని రూపొందించినవాడు కెనడాలో పుట్టిన డోనాల్డ్ బేట్‌మన్ అనే ఇంజనీరు. విమానం నుండి నేలకు రేడియో తరంగాలను పంపి, అవి తిరిగి వచ్చే సమయాన్నిబట్టి ఎత్తు కొలిచి, నేల మరీ తొందరగా దగ్గరవుతుంటే అది కేక వేస్తుంది.

అయితే మొదటి యంత్రానికి ఒక లోటు ఉండేది. అది కిందికే చూసేది. ఎదురుగా నిటారుగా లేచిన కొండను ఆలస్యంగా పట్టుకునేది. అప్పుడు బేట్‌మన్ బృందం లోకంలోని కొండలూ లోయలూ అన్నిటి పటాలను పోగుచేసింది. సోవియట్ యూనియన్ విడిపోయిన తరువాత అక్కడి సైన్యపు పటాలను కూడా కొని అందులో చేర్చారు. 1990ల నుండి వచ్చిన కొత్త యంత్రం తానున్న చోటును ఉపగ్రహాలద్వారా తెలుసుకుని, ఆ పటంతో సరిచూసుకుని, ఇంకా రాని కొండను గురించి కూడా ముందే చెబుతుంది. దాని మాటలు చాలా చిన్నవి. మరీ వేగంగా దిగుతుంటే సింక్ రేట్ అంటుంది. ఎదుట కొండ ఉంటే టెర్రైన్ అంటుంది. ఇక గడువు లేకపోతే పుల్ అప్, పైకి లాగు, అంటుంది. వాదించదు, బతిమాలదు. ఉన్న మాట చెప్పి ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ చెబుతుంది.

మన దగ్గర కొండలు లేవు కదా అయ్యగారూ అంటారేమో. నిజమే, దెందులూరు నుండి కొల్లేరు దాకా నేల అరచేయిలా ఉంటుంది. కొండ చూడాలంటే గుంటుపల్లి గుహల వైపు వెళ్ళాలి. అయినా ఆకాశ ప్రయాణపు దుఃఖం మనకు తెలియనిది కాదు. 2002 మార్చి 3న, అప్పటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారు భీమవరం నుండి బయలుదేరిన హెలికాప్టరు కైకలూరు దగ్గర కూలి, ఆయన కన్నుమూశారు. అప్పటికి మేము యవ్వనస్థులము. ఆ రోజు మన పేటల్లో పొయ్యి వెలిగించని ఇళ్ళు మాకు గుర్తున్నాయి. కొండ లేనిచోట కూడా నేల ఉంటుంది, బిడ్డలారా. పడడానికి అది చాలు.

ఇప్పుడు అసలు సంగతి. యంత్రం చెప్పినంత మాత్రాన మనిషి వింటాడా? మూడు సంగతులు చెబుతాము.

మొదటిది, 2012 మే 9న ఇండోనేషియాలో జరిగింది. కొత్త రకం విమానాన్ని కొనబోయేవారికి చూపించడానికి జకార్తా నుండి కొద్దిసేపు తిప్పుతున్నారు. కాక్‌పిట్‌లో మాటలు సాగుతున్నాయి. సలక్ అనే కొండ మబ్బులో ఉంది. కొండను తగలడానికి 38 సెకన్ల ముందే యంత్రం కేకలు వేయడం మొదలుపెట్టింది. పటంలో ఏదో తప్పు ఉందని తలంచి పైలట్ దాన్ని ఆపేశాడు. విమానంలోని 45 మందీ చనిపోయారు. యంత్రం చెప్పింది నిజమే, పటం కూడా సరైనదే.

రెండవది, 1995 డిసెంబరు 20న కొలంబియాలోని కాలీ దగ్గర జరిగింది. రాత్రివేళ దారి తప్పి కొండల మధ్యకు వచ్చిన విమానంలో యంత్రం అరిచింది. పైలట్లు విన్నారు. వెంటనే ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చారు, ముక్కు పైకెత్తారు. కానీ అంతకు ముందు తొందరగా కిందికి దిగడంకోసం రెక్కల మీద తెరచి ఉంచిన పలకలను మూయడం మరచిపోయారు. పైకి లేవాలని ప్రాణం పెట్టి లాగుతూనే, కిందికి ఈడ్చేదాన్ని అలాగే ఉంచేశారు. 163 మందిలో 159 మంది చనిపోయారు.

మూడవది మన పొరుగు రాష్ట్రంలోనే, 2010 మే 22న తెల్లవారుజామున మంగళూరులో. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం దుబాయి నుండి వస్తోంది. అందులో ఉన్నవాళ్ళు చాలామంది మన గల్ఫ్ బిడ్డలవంటివారే. కష్టపడి సంపాదించి ఇంటికి వస్తున్నవారు. మంగళూరు రన్‌వే కొండమీద బల్ల పరచినట్లుంటుంది, చివర లోయ. ప్రయాణంలో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రపోయాడని విచారణలో తేలింది. దిగే సమయానికి విమానం ఉండవలసిన ఎత్తుకంటే దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. మామూలుగా నిమిషానికి ఏడెనిమిది వందల అడుగులు దిగవలసినది, ఒక దశలో దాదాపు 4000 అడుగుల వేగంతో దిగింది. సింక్ రేట్, పుల్ అప్ అని యంత్రం పదే పదే చెప్పింది. పక్కనున్న సహ పైలట్ కూడా చెప్పాడు. గో అరౌండ్ అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కెప్టెన్ ఆగలేదు. 8000 అడుగుల రన్‌వేలో 5000 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. నేలను తాకి, బ్రేకులు వేసిన తరువాత, అప్పుడు మళ్ళీ పైకి లేవబోయాడు. లోయలో పడి మంటలు లేచాయి. 166 మందిలో బతికినవారు 8 మంది.

మేము చదువుతూ ఆగిపోయిన చోటు ఇదే. మూడుసార్లు అన్న మాట దగ్గర.

బిలాము కథ మీకు తెలుసు. ప్రవక్త గాడిదనెక్కి వెళ్తున్నాడు. దారిలో దూసిన కత్తితో దూత నిలిచి ఉన్నాడు. దర్శనాలు చూసే ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడింది. మొదటిసారి అది పొలంలోకి తిరిగింది, కొట్టాడు. రెండోసారి ద్రాక్షతోటల గోడల మధ్య ఇరుకు దారిలో ఒరిగింది, అతని కాలు గోడకు నొక్కుకుంది, కొట్టాడు. మూడోసారి ఎటూ తిరగడానికి చోటు లేక కూలబడింది, మళ్ళీ కొట్టాడు. ఒక్కొక్కసారికి దారి ఇంకా ఇరుకైపోవడం చూడండి. మొదటిసారి పొలమంత చోటు ఉంది. మూడోసారికి ఏమీ లేదు. ప్రవక్త కోపమంతా తన ప్రాణం కాపాడుతున్నదాని మీదనే.

సంఘ బిడ్డలారా, ఆ గాడిదను కొట్టిన చెయ్యి మాది కూడా.

2018లో మన రేకుల షెడ్డు పక్కన కొత్త మందిరానికి పునాది వేసిన సంగతి మీకు తెలుసు. అప్పుడు లెక్కలు రాసిన సంఘ పెద్దగారు మీకందరికీ గుర్తున్నారు. పేరు రాయము. పునాది అయిన వారం ఆయన మా ఇంటికి వచ్చి, "అయ్యగారండి, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని లూకా పధ్నాలుగులో ప్రభువే చెప్పారు కదండి" అన్నారు. అది మొదటిసారి. స్తంభాలు లేచాక మళ్ళీ వచ్చి, "ఇక్కడికి ఆపి రెండేళ్ళు ఆగుదామండి" అన్నారు. శ్లాబు కోసం మేము మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడామని తెలిసి మూడోసారి వచ్చారు. ఈసారి కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి, "వద్దండి" అన్నారు. ఆ రాత్రి అమ్మగారు కూడా అన్నం వడ్డిస్తూ అదే మాట మెల్లగా అన్నారు.

మేమేమి చేశామో తెలుసా? ఆ ఆదివారం పన్నెండుమంది వేగులవారి మీద ప్రసంగించాము. పదిమంది అవిశ్వాసంతో జనుల గుండె జారిపోయేలా చేశారని, అలాంటివారు ఇప్పటికీ సంఘాల్లో ఉన్నారని చెప్పాము. పేరు చెప్పలేదు. చెప్పవలసిన పని లేకపోయింది. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. తరువాతి ఆదివారం రాలేదు. హెచ్చరికను తప్పు పటం అని పేరు పెట్టి ఆపేసిన ఆ పైలట్‌కూ, హెచ్చరికను అవిశ్వాసం అని పేరు పెట్టి ఆపేసిన మాకూ తేడా ఏమిటి? ఆయనకు యంత్రం మీద నమ్మకం లేదు. మేము వాక్యాన్నే అడ్డు పెట్టుకున్నాము. మాదే పెద్ద తప్పు.

ఆ రోజుల్లోనే నాట్లకు, కలుపుకు వెళ్ళే ఒక విధవరాలు తన చెవి దుద్దులు తాకట్టు పెట్టి శ్లాబుకు కానుక ఇచ్చింది. అది గొప్ప సాక్ష్యమని అందరిముందు చెప్పించాము. ఆ తరువాత లాక్‌డౌన్ వచ్చింది. కూడికలు లేవు, కానుకలు లేవు, గల్ఫ్ నుండి పంపేవాళ్ళకు పని లేదు. వడ్డీ మాత్రం ఆగలేదు. అయినా శ్లాబు వేసి తీరతామనే అంటూ వచ్చాము. ఒక సాయంత్రం అమ్మగారు ఆ తల్లి ఇంటి నుండి వచ్చి ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి, "ఆమె చెవులకు వేపపుల్లలు ఉన్నాయి" అన్నారు. గడువు దాటి దుద్దులు వేలానికి పోయాయి. చెవి కన్నాలు మూసుకుపోకుండా పుల్లలు పెట్టుకుంది. మాకు ఒక్క మాట చెప్పలేదు.

ఇన్నాళ్ళు ఎన్ని విన్నా వినబడని స్వరం ఆ వేపపుల్లల్లో వినబడింది.

తరువాతి ఆదివారం మీ అందరిముందు నిలబడి, పని ఆపేస్తున్నామని చెప్పాము. మిగిలిన ఇనుము, సెంట్రింగ్ సామాను అమ్మాము. అమ్మగారికి పుట్టింటివారిచ్చిన రెండు సెంట్ల స్థలం, మా మోటారు సైకిలు అమ్మి, రెండేళ్ళలో అప్పు తీర్చాము. అంతా అయిపోయిందనుకున్నాము. కాలీ విమానం గురించి చదివినప్పుడే తెలిసింది, మేము ఒకటి మూయలేదని. పని ఆపాము గాని గర్వాన్ని మడవలేదు. లాక్‌డౌన్ వల్ల ఆపవలసి వచ్చిందని చెప్పుకుంటూ వచ్చాము. పెద్దగారి దగ్గరకు మాత్రం వెళ్ళలేదు.

ఈ జనవరిలో వెళ్ళాము. ఆయన ఇప్పుడు తాడేపల్లిగూడెంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. బస్సు దిగి ఇల్లు వెదుక్కుంటూ వెళ్తే, మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు. వేగులవారి ప్రసంగం మీ గురించే చేశాము, క్షమించండి అన్నాము. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్న మాట మేము బతికినంత కాలం మరువము. "అయ్యగారండి, తప్పు నాది కూడానండి. మూడోసారి ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. మీరు దైవజనులు కదా అని గుమ్మంలోనే ఆగిపోయాను."

మంగళూరు విమానంలో ఆ సహ పైలట్ కూడా మూడుసార్లు చెప్పాడు. చేతిలోకి తీసుకోలేకపోయాడు. పక్కనున్నవాడు పెద్దవాడు. మన ఇళ్ళల్లో, మన సంఘాల్లో ఎంతమంది గుమ్మంలోనే ఆగిపోతున్నారో!

పెద్దగారు ఇప్పుడు అక్కడి సంఘానికే వెళ్తున్నారు. తిరిగి రమ్మని అడిగే హక్కు మాకు లేదు, అడగలేదు. కలిసి ప్రార్థన చేసుకుని వచ్చాము. ఆ తల్లి చెవులకు ఇప్పుడు గిల్టు దుద్దులున్నాయి. ఆమె అడగకపోయినా ఆ బాకీ మాదే, తీర్చేదాకా మాదే. శ్లాబు లేని స్తంభాల మీద ఇనుప చువ్వలు తుప్పు పట్టి అలాగే నిలిచి ఉన్నాయి. బయటివాళ్ళు చూసి నవ్వుతారు, కోయించేయండి అయ్యగారూ అని కొందరంటున్నారు. కొన్నాళ్ళు ఉండనివ్వండి. ఆదివారం ప్రసంగం చేసేటప్పుడు కిటికీలోంచి అవి మాకు కనబడడం మంచిది.

ఒక కట్టుబాటు మాత్రం చేసుకున్నాము. చాలా విమాన సంస్థల్లో ఇద్దరు పైలట్లలో ఎవరు గో అరౌండ్ అన్నా, పెద్దా చిన్నా చూడకుండా, లేచి తీరాలనే నియమం ఉంది. ఎందుకని అడగడం తరువాత. ఇకమీదట మన సంఘ కమిటీలో ఎవరు, స్త్రీ గాని యవ్వనస్థుడు గాని, "ఆగండి" అన్నా ఆ పని ఒక వారం ఆగుతుంది. ఆ వారం అందరం ప్రార్థించి, లెక్క చూసుకుని, మళ్ళీ కూర్చుంటాము. కాపరి మాటకైనా ఇదే నియమం.

ప్రియులారా, మీ ఇంట్లో ఎవరు చెబుతున్నారు? షుగరు కాగితం చూపించి భార్య చెబుతోందా? చెరువు లీజుకి ఇంకో అప్పు వద్దని అన్న చెబుతున్నాడా? తాగి హైవే ఎక్కవద్దు నాన్నా అని చిన్నబిడ్డ చెబుతున్నాడా? వాళ్ళను కొట్టకండి. దారి ఇంకా పొలమంత వెడల్పుగా ఉండగానే తిరగండి. మారుమనస్సుకు కావలసిన కృపను దేవుడు ముందే పోసి పంపాడు. కానీ నేలను తాకాక లేవడం కష్టం. అలాగే, చెప్పవలసినవాళ్ళు గుమ్మంలో ఆగకండి. లోపలికి వచ్చి కూర్చుని చెప్పండి. మాకైనా సరే, ముందుగా మాకే.

ఇక కువైట్ సహోదరీ, సెలవు అయిపోయి నీవు మళ్ళీ విమానమెక్కే రోజు దగ్గరపడింది. దిగబోతూ విమానం మళ్ళీ పైకి లేస్తే భయపడకమ్మా. ముందు కూర్చున్నవాడు ఎవరి మాటో విన్నాడని దేవునికి స్తోత్రం చెప్పు.

ప్రార్థన: తండ్రీ, మా దారికి అడ్డుపడినవారిని శత్రువులుగా ఎంచిన మా కన్నులు తెరువుము. వినే చెవిని మాకును, గట్టిగా చెప్పే ధైర్యమును మా బిడ్డలకును దయచేయుము. మా వలన నష్టపోయినవారికి తిరిగి చెల్లించు మనస్సును, శక్తిని మాకు అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి, దెందులూరు